వీధిలోకి వేలాడే దీపం





రబీవుల్ అవ్వల్ నెలవంక కనిపించకముందే మన మొహల్లాల్లో కుర్రవాళ్ల చేతులకు పని మొదలవుతుంది. ఆకుపచ్చని సీరియల్ లైట్లు, కాగితపు తోరణాలు, డాబా మీద జెండా మా బాల్యంలోనూ ఉన్నవే. ఇటీవలి సంవత్సరాల్లో వాటికి తిరిగే బొమ్మలు తోడయ్యాయి. మోటారు మీద తిరిగే నెలవంక, నక్షత్రం, గుమ్మటపు నమూనా బజారులో దొరుకుతున్నాయి. అయితే కొన్నదాన్ని కొన్నట్టుగా ఉంచడం మన పిల్లలకు తృప్తినివ్వదు. చిన్నదాన్ని పెద్దది చేయాలి. నెమ్మదిగా తిరిగేదాన్ని వేగంగా తిప్పాలి. ఇంటి లోపల పెట్టవలసినదాన్ని వీధి చివరి దాకా కనిపించేటట్లు బయట నిలపాలి.

ఇటువంటి అలంకరణ సమ్మతమా కాదా అన్న విషయంలో మన ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉన్నది. దానిని ఈ శీర్షికలో చర్చించబోవడం లేదు. ఈ మాసంలో అలంకరించేవారున్నారు, రమజానుకూ ఈదుకూ మాత్రమే అలంకరించేవారున్నారు. ఎప్పుడు అలంకరించినా, ఆ అలంకరణను విప్పి, మార్చి, వీధిలోకి వేలాడదీసిన చేతికి ఉండే బాధ్యత ఒక్కటే. నేను ఆ బాధ్యతను గ్రంథంలో ముప్పై ఏళ్లుగా బోధిస్తున్నాను. గల్లీలో మాత్రం గత ఏడాదే నేర్చుకున్నాను. నా పొరపాటును నలుగురిలో చెప్పుకోవడానికి సంకోచిస్తూనే, మరొక ఇంటికి ఉపయోగపడుతుందన్న ఆశతో రాస్తున్నాను.

గత ఏడాది, అంటే 2025లో, రబీవుల్ అవ్వల్ మొదటి పక్షమూ వినాయక నవరాత్రులూ ఒకేసారి వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మా గల్లీకి ఆ చివర వినాయకుని పందిరి, ఈ చివర మా మదరసా. రెండు చోట్లా తీగలు లాగినవాడు ఒకే ఎలక్ట్రీషియన్. రెండు చోట్లా వాన ఒకటే.

మా విద్యార్థుల్లో పదిహేడేళ్ల కుర్రవాడొకడు ఉన్నాడు. హిఫ్జ్ పూర్తి చేశాడు. ఏ యంత్రం పాడైనా విప్పి చూడనిదే నిద్రపోడు. మదరసాలో నీళ్ల మోటారు ఆగినా, మైకు గరగరలాడినా పిలుపు అతనికే. ఆ ఏడాది ఎవరో దాత మాకొక తిరిగే నెలవంకను ఇచ్చారు. అడుగున్నర వెడల్పున్న ప్లాస్టిక్ బొమ్మ. అడుగున చిన్న మోటారు. మైక్రోవేవ్ ఓవెనులో పళ్లేన్ని తిప్పే రకం అది. నాలుగైదు వాట్లకు మించి తీసుకోదు, నిమిషానికి అయిదు చుట్లు తిరుగుతుంది. స్విచ్చి వేసినప్పుడు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిరగడం చూసి పిల్లలు నవ్వుకునేవారు. ఆ రకం మోటార్లు ఏ దిక్కుకు ముందు కదిలితే ఆ దిక్కుకే సాగుతాయని ఆ అబ్బాయే నాకు వివరించాడు.

“ఇది గదిలో పెట్టుకునే బొమ్మ హజ్రత్. నేను పెద్దది చేస్తాను,” అన్నాడు.

నేను ఆపలేదు. ఆపకపోవడమే కాదు, ప్రోత్సహించాను. “వీధి మలుపు నుంచి కనిపించాలి,” అన్నాను. ఆ మాట అన్నది నేనే కాబట్టి ఈ కథలో మొదటి దోషిని కూడా నేనే.

అతడు విజయవాడ ఆటోనగరులో పాత సామాన్ల దుకాణం నుంచి కారు వైపర్ మోటారు తెచ్చాడు. ఇనుప చువ్వలు వంచి నాలుగడుగుల నెలవంకను కట్టాడు. దానికి ఆకుపచ్చని ఫ్లెక్సు తొడిగి, అంచు చుట్టూ సీరియల్ లైట్లు చుట్టాడు. తిప్పి చూస్తే చిక్కు వచ్చింది. పది చుట్లు తిరిగేసరికి లైట్ల తీగ కూడా ఇరుసుకు చుట్టుకుని బిగిసిపోయింది. అతడు రెండు రోజులు ఆలోచించి, ఇరుసు మీద రెండు రాగి కడియాలు బిగించి, వాటిని రాసుకుంటూ ఉండేటట్లు రెండు రాగి రేకులు అమర్చాడు. కడియాలు తిరుగుతాయి, రేకులు కదలవు, విద్యుత్తు అందుతూనే ఉంటుంది. ఆ ఉపాయాన్ని చూసి నేను మాషా అల్లాహ్ అన్నాను. నిజంగా మెచ్చదగిన ఉపాయమే. కానీ ఆ సీరియల్ లైట్లు నేరుగా ఇంటి కరెంటు మీద వెలిగేవి. అంటే తొడుగు లేని ఆ రాగి కడియాల మీద 230 వోల్టులు ఆరుబయట తిరుగుతున్నాయి. ఆ సంగతి అతనికి తట్టలేదు. నాకు తెలియనే తెలియదు.

నెలవంక కట్టిన గొట్టాన్ని మదరసా వరండా ఇనుప గ్రిల్లుకు బిగించారు. ఆ గ్రిల్లు మూల నుంచి పక్కింటి గేటు స్తంభం దాకా ఒక ఇనుప తీగ ఉన్నది. పక్కింటి అమ్మ బట్టలు ఆరేసుకునే దండెం అది. ఇరవై ఏళ్లుగా ఉన్నది కాబట్టి ఎవరి కంటా పడలేదు.

మూడో రోజు సన్నని వాన పట్టింది. అసర్ నమాజుకు వెళ్లబోతుండగా ఆ అమ్మ గుమ్మం దగ్గర నిలబడి పిలిచింది. “మౌలీసాబు గారూ, దండెం మీద చీర తీయబోతే చెయ్యి చుర్రుమంది. మీ చంద్రుడి నుంచే వస్తోందేమో, ఒకసారి చూడండి.”

“తడి చేతులతో ముట్టుకోకండమ్మా. ఇషా అయ్యాక అబ్బాయి చేత చూపిస్తాను,” అన్నాను.

అన్నాను, మరచిపోయాను. ఆ రాత్రి ఉపన్యాసానికి బయటి ఊరి నుంచి అతిథులు వచ్చారు. నేను వారి భోజనాల ఏర్పాట్లలో మునిగిపోయాను.

తొమ్మిది గంటల వేళ ఆమె మనవడు, ఎనిమిదేళ్లవాడు, వట్టి కాళ్లతో వాన నీటిలో నిలబడి గేటు పట్టుకున్నాడు. వాడి కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. గేటును వదలలేకపోయాడు. ఎవరో పరుగెత్తి మా మెయిన్ స్విచ్చి దించారు. చీకటిలో వాడు నేల మీద పడి ఉన్నాడు. అరచేయి కాలింది. ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంచి, గుండె కొట్టుకునే తీరు గమనించి, మరునాడు పంపించారు. అల్లాహ్ ఆ ఇంటి దీపాన్ని నిలిపాడు. అల్‌హమ్దులిల్లాహ్.

అప్పటికి మూడు వారాల కిందటే, ఆగస్టులో, హైదరాబాదు రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు సోకి అయిదుగురు మరణించారు. ఆ వార్త చదివి నేను విచారించాను. మన ఇంటి గ్రిల్లును మాత్రం తడిమి చూసుకోలేదు. పండుగ ఏ మతస్థులదైనా తడిసిన ఇనుముకు ఆ భేదం తెలియదు.

మర్నాడు ఉదయం దర్సుకు కూర్చున్నాను. పాఠ్యగ్రంథం హిదాయా. హిజ్రీ 593లో, అంటే 1197లో మరణించిన ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మతుల్లాహి అలైహ్) రచించిన ఈ ఫిఖ్హ్ గ్రంథాన్ని మన మదరసాల్లో తరతరాలుగా చెప్పుకుంటున్నాము. ఆ రోజు వరుసలో ఉన్న పాఠాన్ని పక్కన పెట్టి, ప్రాణనష్టానికీ గాయాలకూ పరిహారాన్ని చర్చించే దియాత్ ప్రకరణం తీయమన్నాను. అందులో ఒక మనిషి దారిలోకి పొడుచుకు వచ్చేటట్లు ఏదైనా కడితే ఏమవుతుందన్న అధ్యాయం ఉన్నది. ఇంటి చూరు నీళ్లు పడే గొట్టం గానీ, వసారా గానీ వీధిలోకి చొప్పించి, అది ఎవరి మీదనైనా పడి ప్రాణం పోతే పరిహారం కట్టిన పక్షానిదే. ఆ తరువాత అతడు ఇల్లు అమ్మేసినా, ఆ వసారా పడి జరిగిన నష్టానికి బాధ్యత అమ్మినవాణ్ణి వదలదు. కారణం, దారిని ఆక్రమించిన చేయి అతనిది.

మోటారు కట్టిన అబ్బాయి వెనుక వరుసలో తలదించుకుని కూర్చున్నాడు. అతని స్నేహితుడొకడు అతణ్ణి కాపాడదలచి అడిగాడు. “హజ్రత్, మసీదులో దీపం వేలాడదీస్తే, అది ఎవరికైనా తగిలి నష్టం జరిగినా బాధ్యత లేదని అదే అధ్యాయంలో ఉన్నది కదా?”

మంచి ప్రశ్న. ఆ మసలా నిజంగానే అక్కడ ఉన్నది. ఒక మొహల్లా మసీదులో ఆ మొహల్లా మనిషే దీపం వేలాడదీసి, దానివల్ల ఎవరికైనా ప్రాణాపాయం కలిగితే అతని మీద పరిహారం లేదు. బయటివాడు వేలాడదీసి ఉంటే ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహ్) దృష్టిలో అతడు బాధ్యుడు. ఆయన శిష్యులిద్దరి దృష్టిలో ఏ స్థితిలోనూ కాడు. మసీదు ఏర్పాట్లు చూసుకునే హక్కు ఆ మొహల్లావారిది అన్నదే దీనికి మూలం. “కానీ నాయనా, మన దీపం మసీదు లోపల వేలాడిందా, వీధిలోకి వేలాడిందా?” అని అడిగాను. వీధి మన ఒక్కరి ఏర్పాటు కాదు. అతడు మారు మాట్లాడలేదు.

ఆ తరువాత వాలిన గోడ మసలా చెప్పాను. అది నాకు నేను చెప్పుకున్న పాఠం. నిటారుగా కట్టిన గోడ కాలక్రమంలో వీధి వైపు వాలితే, దానిని పడగొట్టమని యజమానిని హెచ్చరించి సాక్ష్యం నిలిపిన పిమ్మట, పడగొట్టడానికి తగినంత సమయం ఉండి కూడా అతడు ఉపేక్షిస్తే, కూలినప్పుడు జరిగే నష్టానికి అతడే బాధ్యుడు. హెచ్చరిక రాకముందు కూలితే కాడు. ఆ హెచ్చరికను ముస్లిమ్ చేసినా ముస్లిమేతరుడు చేసినా దాని బరువు సమానమే. ఎందుకంటే దారిన నడిచే హక్కులో మనుషులందరూ భాగస్థులు. ఇక గోడను మొదటి నుంచే వాల్చి కట్టినవాడికి హెచ్చరికతో పని లేదు, కట్టిన రోజు నుంచే అతడు బాధ్యుడు.

మన నెలవంక మొదటి నుంచే వాల్చి కట్టిన గోడ. దానికి తోడు అసర్ వేళ ఒక పొరుగింటి అమ్మ గుమ్మంలో నిలబడి నన్ను హెచ్చరించింది కూడా. ముప్పై ఏళ్లుగా ఈ పుటను చదివిస్తున్నవాడికి ఆ మాట హెచ్చరికగా వినిపించలేదు.

ఇది ఫత్వా కాదని మనవి చేస్తున్నాను. తీర్పులు ముఫ్తీలూ న్యాయస్థానాలూ చెప్పవలసినవి. అయితే ఆసుపత్రి ఖర్చు మదరసా నిధి నుంచి కాక నా సొంత డబ్బుతో చెల్లించాను. మదరసా నిధి దాతల అమానత్, నా మరపుకు అది మూల్యం చెల్లించకూడదు. అబ్బాయిని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆ అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరకు, “మీరు పెద్దలు, మీరు తప్పు చేశామంటే నేనేమంటాను. ఈసారి నేను చెప్తే అప్పుడే చూడండి,” అన్నది. ఆ మాటలోని న్యాయం నన్ను కుదిపివేసింది.

ఇక మీదట మోటార్లను ముట్టుకోకూడదని ఆ అబ్బాయిని శాసించాలని మొదట అనిపించింది. కొంత ఆలోచించాక అది నా తప్పును అతని నైపుణ్యం మీద రుద్దడమే అవుతుందని గ్రహించాను. తిరిగే బొమ్మల విద్య మన సమాజానికి పరాయిది కాదు. తొమ్మిదో శతాబ్దపు బాగ్దాదులో బనూ మూసా సోదరులు ఇటువంటి యంత్రాల గురించి గ్రంథం రాశారు. 1206లో అర్తుకీ రాజాస్థానపు యంత్రకారుడు ఇస్మాయీల్ అల్ జజరీ యాభై యంత్రాలను వర్ణించే గ్రంథం పూర్తి చేశాడు. ఏనుగు ఆకారపు గడియారం, నెమళ్ల నీటి యంత్రం అందులోనివే. ఆయన తాను కట్టి, పరీక్షించి చూసిన వాటినే కొలతలతో సహా రాశాడు. చేతితో పరీక్షించని విద్యను ఆయన నమ్మలేదు. మన పిల్లవాడిలో ఉన్నది ఆ విద్యకు బీజమే. లోపించినది పరీక్ష.

తెలియకుండా వైద్యానికి పూనుకున్నవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి బోధ హదీసు గ్రంథాల్లో ఉన్నది. విద్యుత్తు పనికి దీనికంటే దగ్గరి పోలిక నాకు తోచడం లేదు. కంపెనీ నుంచి వచ్చిన బొమ్మకు కొన్ని హద్దులు ఉంటాయి. ఇంత బరువు, ఇంత వేగం, ఇంటి లోపల మాత్రమే అని. దానిని విప్పిన క్షణం ఆ హద్దులన్నీ తొలగిపోతాయి. ఆ క్షణం నుంచి తయారీదారు మీరే, జవాబుదారీ మీరే.

మేము ఏమి మార్చామో తరువాత ఆ అబ్బాయీ, ఎలక్ట్రీషియనూ, నేనూ కూర్చుని లెక్క వేసుకున్నాము. వెడల్పు అడుగున్నర నుంచి నాలుగడుగులైంది. అంటే గాలికి ఎదురు నిలిచే వైశాల్యం ఏడు రెట్లు పెరిగింది. నిమిషానికి అయిదు చుట్లు తిరిగేది సుమారు నలభై చుట్లు తిరిగింది. ఈ రెండూ కలిసి నెలవంక అంచు వేగాన్ని ఇరవై రెట్లకు పైగా పెంచాయి. గాలి వేగం రెట్టింపైతే దాని తాకిడి నాలుగు రెట్లవుతుంది. తాడుతో కట్టిన ఆ గొట్టం ఒక ఈదురుగాలికి ఊడిపోయి ఉంటే, ఇనుప నెలవంక గల్లీలో ఎవరి తల మీద పడేదో! కరెంటు ప్రమాదం ఒక్కటే మాకు కనిపించింది, ఇది కనిపించనే లేదు.

ఈ ఏడాది నెలవంక మళ్లీ తిరుగుతున్నది. ఎట్లా కట్టామో చెబుతాను, ఇళ్లలో కుర్రవాళ్లకు చదివి వినిపించండి.

మొదటిది, బయట తిరిగే వస్తువు మీద ఇంటి కరెంటు ఉండకూడదు. మోటారూ లైట్లూ 12 వోల్టుల మీద నడిచేవి తీసుకున్నాము. 230ని 12గా మార్చే అడాప్టరు గది లోపల, పొడి చోట ఉన్నది. బయటకు వెళ్లేది 12 వోల్టుల తీగ మాత్రమే. ఎల్ఈడీ లైట్ల దుకాణాల్లో ఇనుప జాలీ పెట్టెలో అమ్మే పవర్ సప్లయి చాలామంది డాబా మీదే వదిలేస్తారు. దాని మరలు బయటికి కనిపిస్తూ ఉంటాయి. అది వానకు తగినది కాదు.

రెండవది, తిరిగే భాగానికి తీగే లేకుండా చేశాము. లైట్లను కదలని చట్రం మీద అమర్చి, వాటి వెలుగు తిరిగే నెలవంక మీద పడేటట్లు చూశాము. రాగి కడియాలతో పని లేకుండా పోయింది. చూసేవారికి తేడా తెలియడం లేదు. చట్రాన్ని ఇనుముతో కాక ప్లాస్టిక్ గొట్టాలతో కట్టాము. దండెం తీగను తీసివేసి, ఆ అమ్మకు నైలాన్ తాడు కట్టించాము.

మూడవది, వేగం తగ్గించే చిన్న పరికరాన్ని మోటారుకు ముందు పెట్టాము. నెలవంక మూడడుగులకు తగ్గింది, నెమ్మదిగా తిరుగుతున్నది. వైపర్ మోటారు మామూలుగా రెండు మూడు ఆంపియర్లు తీసుకుంటుంది. గుడ్డ చుట్టుకునో, తీగ అడ్డుపడో అది ఆగిపోతే దానికి ఎన్నో రెట్లు లాగి వేడెక్కుతుంది. 12 వోల్టుల వల్ల షాకు భయం తక్కువ కావచ్చు గానీ నిప్పు భయం ఉంటుంది. అందుకే ఆ తీగలో 5 ఆంపియర్ల ఫ్యూజు వేశాము.

నాలుగవది, ఇది అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ రాత్రి బాలుడు విలవిలలాడుతున్నా మా బోర్డులోని ఎంసీబీ పడిపోలేదు. అది చెడిపోయి కాదు, దాని పని అది కాదు. ఎంసీబీ తీగను కాపాడుతుంది, అధిక భారం పడినప్పుడూ తీగలు కలిసినప్పుడూ పడిపోతుంది. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రలులో తిరిగి వస్తున్నదా అని అది సదా లెక్క చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల రకం, ఆ మేరకు తేడా వస్తే, అంటే అంత కరెంటు ఎవరి దేహం గుండానో నేలలోకి పోతుంటే, తృటిలో సరఫరా ఆపివేస్తుంది. దాని మీద పరీక్షించే బొత్తాం ఉంటుంది. నెలకొకసారి నొక్కి చూడండి. దానితో పాటు ఎర్త్ సరిగా ఉండాలి. మూడు కాళ్ల ప్లగ్గులో పెద్ద కాలును కోసివేసి రెండు రంధ్రాల్లో దూర్చే అలవాటును ఈ రోజే మానండి. ఆ కాలు అలంకారానికి పెట్టినది కాదు.

అయిదవది, తీగల కీళ్లు. నల్ల టేపు చుట్టిన కీలు వానకు నిలవదు. కీళ్లను నీరు చొరని పెట్టెలో ఉంచండి. బయటి దీపాలు కొనేటప్పుడు పెట్టె మీద ఐపీ 65 వంటి గుర్తు చూడండి. ఆ రెండవ అంకె నీటి నుంచి రక్షణను చెబుతుంది. ఐపీ 20 అని ఉంటే నీటి నుంచి ఏ రక్షణా లేదని అర్థం. తీగను గోడలోకి తీసుకువెళ్లే ముందు కొంచెం కిందికి వేలాడనివ్వండి. నీటి చుక్కలు అక్కడే రాలిపోతాయి, స్విచ్చి బోర్డు దాకా పాకవు.

ఆరవది, పై తీగలు. డాబాకు దగ్గరగా విద్యుత్ లైన్లు పోతున్న చోట ఇనుప గొట్టాన్ని ఎత్తనే ఎత్తకండి. స్తంభం మీది తీగకు కొక్కెం తగిలించి దీపాలు వెలిగించడం గురించి ఒక్క మాట. అది 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షను కింద దొంగతనం. మూడేళ్ల వరకూ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చట్టం మాట అట్లా ఉంచండి. దొంగిలించిన వెలుగుతో ఏ పుణ్యమాసాన్ని గౌరవించగలం? తాత్కాలిక కనెక్షను అడిగితే ఇస్తారు.

రాత్రి పదకొండు గంటలకు టైమరు స్విచ్చి అన్నిటినీ ఆర్పివేస్తుంది. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా కాలిపోయిందని తెలిసినప్పుడు, నిప్పు మీకు శత్రువు, పడుకునే ముందు ఆర్పివేయండి అన్న భావంతో దైవప్రవక్త (స) వారు ఉపదేశించిన విషయం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్నది. ఆనాడు నూనె వత్తి, ఈనాడు వేడెక్కిన అడాప్టరు. ఇంటివారు నిద్రపోతుండగా ఎవరి కోసం తిరగాలి ఆ బొమ్మ?

దుబారా సంగతి కూడా లెక్క కట్టి చూశాము. 36 వాట్ల మోటారు రోజుకు అయిదు గంటల చొప్పున పన్నెండు రాత్రులు తిరిగితే రెండు యూనిట్లకు కొంచెం పైన ఖర్చవుతుంది. 500 వాట్ల ఫోకసు దీపం ఒక్క రాత్రి అయిదు గంటల్లోనే రెండున్నర యూనిట్లు తింటుంది. కనుక ఇస్రాఫ్ మోటారులో లేదు. ఎదుటి గల్లీ నెలవంక మూడడుగులు కాబట్టి మనది నాలుగడుగులు కావాలన్న పోటీలో ఉన్నది. ఆ పోటీయే నా చేత ‘వీధి మలుపు నుంచి కనిపించాలి’ అనిపించింది.

తల్లులకూ, అక్కచెల్లెళ్లకూ ఒక ప్రత్యేక విన్నపం. ఇంట్లో ఇనుము చుర్రుమన్న సంగతి తరచుగా ముందు మీకే తెలుస్తుంది. దండెం, గ్రిల్లు, కుళాయి, గ్రైండరు ముట్టేది ఎక్కువగా మీరే కదా. ‘కొద్దిగా షాకు కొడుతోందిలే’ అని సర్దుకుపోకండి. మెయిన్ దింపించండి. పని తెలిసినవారు చూసి చెప్పేదాకా మళ్లీ వేయనివ్వకండి. మగవారు ‘తరువాత చూద్దాం’ అంటే నా సంగతి చెప్పండి.

దారిలో నుంచి బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖల్లో ఒకటని మనం పిల్లలకు మక్తబులోనే నేర్పుతాము. ముల్లునూ రాయినీ తీసివేసి, వాటి చోట మనమే ఒక తీగను వేలాడదీస్తే ఆ పాఠం ఏమైనట్లు?

మొన్న నెలవంకను బిగిస్తుండగా పక్కింటి బాలుడు వచ్చి నిలబడ్డాడు. అరచేతి మీద మచ్చ ఇంకా ఉన్నది. దగ్గరికి రావడానికి జంకుతున్నాడు. మా అబ్బాయి వాణ్ణి పిలిచి, అడాప్టరు ఎక్కడుందో, ఆర్‌సీసీబీ బొత్తాం నొక్కితే ఏమవుతుందో చూపించాడు. బొత్తాం నొక్కగానే అన్నీ ఆరిపోవడం వాడికి నచ్చింది. మరి రెండుసార్లు నొక్కాడు. ఆ సాయంత్రం వాళ్ల నాయనమ్మ కొత్త నైలాన్ తాడు మీద చీర ఆరేస్తూ, “ఈసారి చుర్రుమనలేదండీ,” అని నాకు వినిపించేటట్లు చెప్పింది. నేను వెంటనే వెళ్లి గ్రిల్లును టెస్టరుతో మళ్లీ చూసి వచ్చాను. ఆమె ఫిర్యాదు చేయలేదు. అయినా చూశాను.

అల్లాహ్ మన చేతుల నైపుణ్యానికి జాగ్రత్తను తోడు చేయుగాక. మన మూలంగా ఏ పొరుగువారికీ భయం కలగకుండా కాపాడుగాక. హెచ్చరిక విన్న వెంటనే లేచే మనసును మనకు ప్రసాదించుగాక. ఆమీన్.